సారంగు వాటా

ఎండిన కానాగంత చేపల్ని బుట్టలోకి ఏరుతున్న కనకలక్ష్మి చెయ్యి మధ్యలో ఆగిపోయింది. చేపలు ఎండబెట్టే మంచె కింద నీడలో ముడుచుకుని పడుకోవలసిన సారంగు లేచి నిలబడి ఉన్నాడు. నిలబడ్డవాడు ఎటైనా నడవాలి కదా, నడవడు. నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, తల వాల్చుకుని, అటూ ఇటూ ఊగుతున్నాడు. నోటి చివరనుంచి చొంగ కారి ముందుకాళ్ళ మీద పడుతోంది. రోజూ పొద్దు పొడిచేసరికే మొహం తుడుచుకుని, పేటంతా తన సొత్తే అన్నట్టు తిరిగివచ్చే మగాడు, ఆ చొంగని నాక్కోవాలన్న ధ్యాస కూడా లేకుండా నిలబడ్డాడు.

సారంగంటే పిల్లి. అండమాన్లో మాయాబందర్ జెట్టీ వెనకాల తెలుగువాళ్ళ చేపలపేటలో, పిల్లికి ఆ పేరేమిటని ఎవరూ అడగరు. పడవని నడిపేవాడు సారంగు. అందరికన్నా తక్కువ మాట్లాడి, అందరిచేతా పని చేయించుకునేవాడు. కనకలక్ష్మి మొగుడు జోగులు బతికున్నన్నాళ్ళూ సారంగు పనే చేశాడు, పిల్లికి ఆ పేరు పెట్టిందీ ఆయనే. ఆమె కొడుకు మణికుమార్ నిక్కర్లేసుకు తిరిగే రోజుల్లో ఇంట్లోకి వచ్చిన పిల్లి, ఇప్పుడు ఆ మణికుమార్ కూతురు పింకీ యూనిఫాం వేసుకుని బడికి పోతుంటే గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. పిల్లులకి అంత ఆయుష్షుండదని పేటలో వాళ్ళంటే కనకలక్ష్మికి ఒళ్ళు మండేది. ఎవరి ఆయుష్షు ఎంతో వీళ్ళు కొలిచి చూశారా అనుకునేది.

"ఏట్రా నాయనా, ఏటయింది?" అంటూ మోకాలు పట్టుకుని కిందికి వంగి, వాడి వీపు మీద చెయ్యి వేసింది. చేతికింద చర్మం సన్నగా అదురుతోంది. లోపల ఏదో యంత్రం ఆగకుండా తిరుగుతున్నట్టుంది. ఎత్తుకుంటే బరువే లేదు. కొంగుతో నోరు తుడిస్తే కొంగు తడిసింది కాని నోరు ఆరలేదు.

అవతలి మంచె దగ్గర చేపలు తిరగేస్తున్న కోడలు స్వాతి చూసింది. చూసి, పెద్దరికంగా తలాడించి, ముసలాడయిపోయాడు అత్తా, బుఢాపాకి మందూ దవా ఉంటుందా అంది. స్వాతి చెడ్డది కాదు. పని దొంగ అంతకన్నా కాదు. కిందటి సంవత్సరం అత్త మోకాళ్ళు మొరాయించాక మంచెల పని మొత్తం తన నెత్తిన వేసుకుంది. పొట్ట చీల్చడం, కడగడం, ఉప్పు పట్టించడం, వాన చుక్క పడగానే పరుగెత్తుకెళ్ళి టార్పాలిన్ కప్పడం, అన్నీ తనే. అయినా ఆ మాట కనకలక్ష్మికి కాలింది. మోకాళ్ళ నొప్పులని ఆసుపత్రికి వెళితే అక్కడి డాక్టరూ ఇదే మాటన్నాడు. వయసన్నాక ఇక ఏమీ అడగడానికి వీల్లేదు, చెప్పేవాడికి హాయి.

స్వాతి నీళ్ళకోసం కుళాయి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, కనకలక్ష్మి పెద్ద మంచె మీదనుంచి ఒక కానాగంతని తీసి చీరకుచ్చిళ్ళలో దాచుకుంది. అది దొంగతనమే, కాని సొంత సరుకులో దొంగతనం. ఆ ఇంట్లో అమ్మకపు చేప వేరు, తినే చేప వేరు. నున్నగా నిండుగా ఉన్నవి పెద్ద మంచెల మీద ఎండుతాయి. తల తెగినవీ, పొట్ట చితికినవీ, చిన్నవీ పెరటి మూలనున్న బుల్లి మంచె మీద ఎండి ఇంటి కూరలోకి వస్తాయి. అమ్ముకునే వాళ్ళ ఇళ్ళల్లో మంచి సరుకు ఉడకదు, అందులో వింతేమీ లేదు. కనకలక్ష్మి కూడా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చితికిన చేపే తింది. కాని సారంగు సంగతి వేరు. పడవ ఒడ్డుకి చేరి వాటాలు వేసేటప్పుడు ముందు సారంగు వాటా తీస్తారు, అదీ మంచి చేప చూసి తీస్తారు. ఆ తరవాతే మిగతావాళ్ళవి. జోగులు పోయాక ఆ వాటా ఇంటికి రావడం ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఎలకనీ కాకినీ మంచె ఎక్కనివ్వకుండా కాపలా కాసిన ఈ సారంగుకి మాత్రం వాటా ఆపడానికి ఆమెకి మనసు రాలేదు. పళ్ళూడి వాడు గట్టివి కొరకలేకపోతున్నాడని కనిపెట్టాక, ఈ వానలు మొదలైనప్పటినుంచీ, రోజూ ఒక మంచి చేప తీసి, గంజిలో నానబెట్టి, ముల్లు లేకుండా పిసికి, ఆ గంజితో సహా పెడుతోంది. కోడలు చూస్తే అమ్మే సరుకు పిల్లికా అంటుందేమోనని చాటుగా పెడుతోంది.

ఆ పొద్దున వాడు వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. కనకలక్ష్మి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిన్న చిన్న ముద్దలు చేసి, వేలితో దవడ పక్కనుంచి లోపలికి తోసింది. తింటేనే కదా ఓపికొచ్చేది. వాడు ఆమె మొహంలోకి చూస్తూ, ఆమె పెడుతోంది కాబట్టి మింగాడు.

బజార్లో ఆమె బుట్ట దించేసరికే అరుణకుమారి మేడమ్ వచ్చి నిలబడి ఉంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఎన్నో ఏళ్ళుగా ఎండుచేపంటే కనకలక్ష్మి దగ్గరే కొంటుంది. ఆ రోజు ఆవిడ మొహం వెలిగిపోతోంది. పోర్ట్ బ్లెయిర్లో గోల్ ఘర్ దగ్గరుండే కూతురు సుమకి మగపిల్లాడు పుట్టాడు. బాలింతకి ఎండుచేప కూర పెడితే పాలు బాగా పడతాయి, మంచివి ఏరి ఇవ్వమని అడిగింది. రేపటి బస్సులో తెలిసినవాళ్ళతో పంపుతానంది. కనకలక్ష్మి బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి, నిండుగా ఉన్నవి ఏరి, అడిగిన దానికన్నా ఇంకో రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేసింది. ఒక్కొక్క చేపా ఎత్తి వెలుతురులో పెట్టి చూపించింది, పురుగన్నది లేదు చూసుకోమని. ఆ చూపించడంలో ఆమెకి గర్వం ఉంది. కిందటేడు ఇదే బజార్లో, ఇదే చోట, ఒకడు పురుగుపట్టిన చేపని తెచ్చి అందరూ చూస్తుండగా ఆమె ఒళ్ళోకి విసిరేశాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మణికుమార్ మీద విరుచుకుపడింది. ఏం చేస్తావో నాకు తెలీదు, మళ్ళీ నా బుట్టలో పురుగు కనపడకూడదు అంది. కొడుకు మాట నిలబెట్టుకున్నాడు. ఎలా నిలబెట్టుకున్నాడని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి సారంగు కొంచెం తేరుకున్నాడు. తనే నడిచి వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆమె ప్రాణం కుదుటపడింది. గాలి మారి ఒంట్లో నలతగా ఉండి ఉంటుంది, మనుషులకి మాత్రం ఉండదా అనుకుంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ వాటా పెట్టింది. ఆమె బజారుకి బయల్దేరకముందే వాడు కక్కుకున్నాడు. వెనక కాళ్ళు రెండూ పక్కకి జారిపోయాయి. లేవబోయి పడ్డాడు. పడ్డచోటే ఉచ్చ పోసుకుని, ఆ తడిలోనే కూర్చుని, సిగ్గుపడ్డవాడిలా గోడవైపు తిరిగాడు. అంత శుభ్రమైన ప్రాణి అలా కూర్చుంటే చూడలేక, ఆమె తడిగుడ్డ తెచ్చి వాడి కాళ్ళు తుడిచింది.

పక్కింటి గవరమ్మ వచ్చి కళ్ళు పడ్డాయంది. ముసలి పిల్లి మీద ఎవరి కళ్ళు పడతాయో ఆవిడే చెప్పాలి, అయినా కనకలక్ష్మి ఉప్పు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. పసుపు రాసింది. వామునీళ్ళు తాగించింది. గోనెసంచి మడతలు పెట్టి, వెచ్చగా ఉంటుందని పెద్ద మంచె కిందే పక్క వేసింది, వాడికి అలవాటైన చోటది. పేటలో మగవాళ్ళు దారినపోతూ తొంగిచూసి, ఛోడ్ దో అమ్మా, దాని టైం అయిపోయింది అని నవ్వుతూ వెళ్ళారు. వాళ్ళ మాటలో తప్పేమీ లేదని ఆమెకి తెలుసు. ఒప్పుకోవడమే రావడం లేదు.

బుట్టలో పాతచీర పరిచి, వాడిని అందులో పడుకోబెట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మేకలూ దూడలూ కోళ్ళబుట్టల మధ్య పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలిదాన్ని చూసి కొందరు నవ్వుకున్నారు. డాక్టర్ గిరిధర్ నవ్వలేదు. రాజమండ్రి వైపునుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు, నెమ్మదస్తుడు. ఆమె వంతు వచ్చేటప్పటికి మిట్టమధ్యాహ్నమైంది, సారంగు అదురు తగ్గి సోలిపోయి ఉన్నాడు. డాక్టరు నోరు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, వెనక కాళ్ళు ఒంచి చూశాడు. ఇంత వయసు పిల్లికి మూత్రపిండాలు చెడిపోయి ఉండొచ్చన్నాడు. రక్తపరీక్ష ఇక్కడ చేసే వీలు లేదన్నాడు. ఇంట్లో ఎలకలమందు ఏమైనా పెట్టారా అని అడిగాడు.

కనకలక్ష్మికి రోషం వచ్చింది. "మా ఇంట్ల ఎలకలమందు ఎందుకు సార్? ఈడుండగా ఎలక వచ్చిందేటి ఎప్పుడేనా?"

డాక్టరు బలానికి సూది వేసి, ఏది ఇష్టంగా తింటే అది బాగా పెట్టండమ్మా అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆ సాయంత్రం ఆమె వాడికి రెండు చేపల వాటా పెట్టింది.

మర్నాడు ఆమె బజారుకి వెళ్ళలేదు. కొడుకుతో చెప్పకుండా, బుట్ట పక్కన పెట్టేసి, వంటింటి వెనక గుమ్మంలో వాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెల్లారగట్ల వాన కురిసి వెలిసింది. ఎండ వచ్చిందంటే మంచెల మీద తడిచేప మీదికి ఈగలు మేఘంలా దిగుతాయి. ఆమె మామూలుగా అయితే ఈ వేళకి బజార్లో ఉంటుంది. అందుకే పెరట్లో ఈ వేళకి ఏం జరుగుతుందో ఆమె ఎప్పుడూ చూడలేదు.

స్వాతి ముక్కుకీ మూతికీ తుండుగుడ్డ బిగించి కట్టుకుని వచ్చింది. మణికుమార్ పెరటి గుడిసె చూరులోంచి ఒక డబ్బా తీసి, బకెట్లో నీళ్ళల్లో కొంచెం ఒంపి, కర్రతో కలిపాడు. వేళ్ళకి అంటకుండా డబ్బాని ఒక ప్లాస్టిక్ సంచీతో పట్టుకున్నాడు. తోటలకి మందు కొట్టే చేతిపంపుతో ఆ నీళ్ళు పీల్చి, పెద్ద మంచెల మీద ఒక చివరనుంచి ఇంకో చివరదాకా తుంపరగా కొట్టుకుంటూ పోయాడు. ఈగలు లేచాయి. లేచినవి ఎంతో దూరం పోలేదు, సిమెంటు గచ్చు మీద టపటపా రాలాయి. మంచె పలకల సందుల్లోంచి ఆ నీళ్ళు కింద పరిచిన గోనెసంచి మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. మణికుమార్ పెరటి మూలదాకా వచ్చి ఆగాడు. ఇంటి చేపలున్న బుల్లి మంచె మీద స్వాతి అప్పటికే టార్పాలిన్ కప్పి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టింది. అతను దాన్ని ఒదిలేసి వెనక్కి తిరిగాడు.

తిరిగిన మణికుమార్ గుమ్మంలో తల్లిని చూశాడు. చూసి మామూలుగానే, "ఏటమ్మా, బజారుకెళ్ళలేదా?" అన్నాడు.

"ఏటిరా అది?"

"ఈగల దవా." అతను పంపు దించాడు. "నీకు తెలీదేటి?"

ఆమెకి తెలుసని వాళ్ళు నిజంగానే అనుకున్నారు. పేటలో అందరూ కొడతారు, ఇందులో దాపరికమేమీ లేదు, ఎండితే వాసన పోతుంది, కడిగి వండుకుంటే పోతుంది, అయినా ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని ఇంటి మంచెకి మాత్రం కొట్టం అని స్వాతి తుండుగుడ్డ కిందికి లాక్కుని చెప్పింది. ఎంతో జాగ్రత్తగా చేస్తున్న పని గురించి చెప్పినట్టే చెప్పింది.

కనకలక్ష్మి వింటోంది కాని, ఆమె కళ్ళు బుల్లి మంచె మీద ఉన్నాయి. తల తెగినవి, పొట్ట చితికినవి, వాడికి పెట్టడానికి తనకి మనసొప్పనివి. కోడలి కళ్ళుగప్పి, కుచ్చిళ్ళలో దాచి, మంచివి చూసి చూసి తీసింది. నానబెట్టిన గంజి కూడా పారబొయ్యలేదు, అందులో సారముంటుందని తాగించింది. వాడు వద్దని మొహం తిప్పితే వేలితో తోసింది. ఒళ్ళో వాడి ఒళ్ళు అదురుతూనే ఉంది. కళ్ళవెంట నీళ్ళు కారి చెంప మీద బొచ్చు అట్టకట్టింది.

"పెద్ద మంచె చేపలే పెట్టానురా ఈడికి. రోజూ. వానలు మొదలెట్టినకాడ్నుంచీ." ఇక దాచడానికేముంది, అంతా చెప్పేసింది.

మణికుమార్ బకెట్ పక్కనే గచ్చు మీద కూలబడ్డాడు. వాడితో ఆడుకుని పెరిగినవాడు అతను. తనకి జ్వరమొస్తే సారంగు వచ్చి తన కాళ్ళదగ్గర పడుకునేవాడు. చెయ్యి చాపి వాడి తల నిమరబోయి, చేతికి మందు ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, బండి తీస్తాను పద అమ్మా అన్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర మణికుమార్ బండి ఆపి, దిగకుండా, ముందుకే చూస్తూ చెప్పాడు.

"దవా పేరు సెప్తే, ఎక్కడిదంటాడు డాక్టర్ సాబ్. మన మంచె మీదదని సెప్పాలి. మన మంచె అంటే ఒక్క మనదే కాదమ్మా, గవరమ్మత్తది, అప్పలరాముడు మావది, పేట మొత్తం. రేపట్నుంచి బజార్ల ఎవుడూ మన బుట్టల దగ్గరికి రాడు. ఈ బరసాత్ వానల్ల దవా నేకపోతే మాల్ నిలబడదు, పురుగు పడితే నువ్వే కదా నన్ను తిట్టావు." అక్కడ ఆగాడు. గొంతు తగ్గించాడు. "నాను ఆపను. నీ ఇష్టం. నువ్వేటి సెప్పినా నాను నీ ఎనకే ఉంటాను."

ఆపి ఉంటే ఆమెకి సులువయ్యేది. దెబ్బలాడి, కొడుకుని తోసుకుని లోపలికి వెళ్ళేది. నీ ఇష్టం అన్నాడు కాబట్టి బుట్ట పట్టుకుని ఒక్కతే మెట్లెక్కవలసి వచ్చింది. ఎక్కుతూ చెప్పాలనే అనుకుంది. ఎవరేమైనా అనుకోనీ, పేట వాళ్ళు మొహాన ఉమ్మెయ్యనీ, ఈ ప్రాణం దక్కితే చాలు అనుకుంది. అనుకుని, వరండాలో తలెత్తేసరికి, బల్ల మీద కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని అరుణకుమారి మేడమ్ కూర్చుని ఉంది.

ఆవిడ లేచి దగ్గరికి వచ్చింది. బుట్టలోకి చూసి, అయ్యో పాపం అంది. నిజంగానే బాధపడింది, ఆ మనిషికి ప్రాణులంటే ప్రీతి. డాక్టరు పిలిస్తే, బుట్టకి ఒక చెవి తను పట్టుకుని, కనకలక్ష్మితో పాటు లోపలికి వచ్చి, బల్లకి అవతల నిలబడింది. నడుస్తూనే చెప్పింది. చేపలు నిన్ననే సుమకి అందాయట. రాత్రి కూర వండుకుని తింటే, అమ్మమ్మ చేతి కూర గుర్తొచ్చిందమ్మా అని ఫోనులో ఒకటే పొగడటమట.

డాక్టర్ గిరిధర్ ఈసారి ఒక్క చూపులోనే మొహం మార్చుకున్నాడు. సారంగు కనురెప్ప ఎత్తి చూశాడు. అంత చీకటిగదిలో విచ్చుకోవలసిన కంటిపాప దారపుపోగంత సన్నటి నల్లగీతలా ముడుచుకుపోయి ఉంది. చొంగ ఒక దూదితో తుడిచి చూశాడు. గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు.

"అమ్మా, జాగ్రత్తగా ఆలోచించుకుని చెప్పండి. ఇది చూస్తే పురుగులమందు లోపలికి వెళ్ళినట్టుంది. అదే అయితే దానికి విరుగుడు సూది నా దగ్గరుంది, ఇప్పుడే వేస్తాను, బతకడానికి అవకాశం ఉంది. అది కాకుండా అంత మోతాదులో వేస్తే మాత్రం ఈ వయసులో గుండె తట్టుకోదు, ఇక్కడే పోతుంది. చెట్లకి కొట్టే మందు గాని, పురుగులకి వేసే మందు గాని, ఏదైనా తిన్నాడా? తగిలిందా?"

కనకలక్ష్మి నోరు తెరిచింది.

బల్లకి అవతల అరుణకుమారి ఆమెనే చూస్తోంది. జాలిగా, ధైర్యం చెబుతున్నట్టుగా, చెప్పు కనకలక్ష్మీ అన్నట్టుగా చూస్తోంది. గుమ్మంలో మణికుమార్ వచ్చి నిలబడ్డాడు. ఆమె దిగులు అప్పుడు పేట గురించి కాదు. గవరమ్మా గుర్తు రాలేదు, అప్పలరాముడూ గుర్తు రాలేదు. ఎన్నో ఏళ్ళుగా తన చేతిని నమ్మి కొన్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, నీ బాలింత కూతురికి నేను ఏరి ఏరి ఇచ్చింది అదేనమ్మా అని ఏ నోటితో చెప్పడం? వెలుతురులో పెట్టి మరీ చూపించింది కదా. సారంగు తల ఆమె మణికట్టు మీద ఆనుకుని ఉంది. వేడిగా ఉంది. వాడికి తన చెయ్యి తప్ప ఇంకేమీ తెలీదు.

"నేదు సార్," అంది. "అలాటిదేటీ తిననేదు."

"సరిగ్గా గుర్తు చేసుకోండి."

"ముసలాడయిపోయాడు సార్. వయసు."

డాక్టరు కాసేపు ఆమెని చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. చెప్పినదాన్ని బట్టే చెయ్యగలను కదమ్మా అని, చేతిలోకి తీసిన సీసాని తిరిగి అరలో పెట్టేసి, నిన్నటి సూదే మళ్ళీ వేశాడు. వేస్తున్నంతసేపూ ఆమె ఆ అరవైపే చూసింది. ఇప్పటికైనా చెప్పొచ్చు. ఇంకా సీసా కనపడుతూనే ఉంది. అరుణకుమారి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడున్నంతసేపూ మాట బయటికి రాలేదు, తీసేసరికి డాక్టరు ఇంకొకరిని పిలిచాడు.

వరండాలోకి వచ్చాక కనకలక్ష్మి ఆగింది. ఆ చేపల్లో ఈసారి ఉప్పు బాగా ఎక్కువైంది మేడమ్, బాలింతకి మంచిది కాదు, పారేయించండి, నేను వేరేవి ఇస్తాను అంది. అరుణకుమారి ఆమె కళ్ళు చూసి, ఈ బాధలో కూడా నీకు నా కూతురి కూర గురించి దిగులా అంది. ఉప్పెక్కువైతే కడిగి వండుకుంటుందిలే, నీ చేతి సరుకు పారేస్తామా అంది. కుక్కపిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బండెక్కమని మణికుమార్ అన్నాడు. ఆమె ఎక్కలేదు. గతుకుల్లో వాడికి కష్టమని చెప్పి, బుట్టని గుండెలకి హత్తుకుని నడవడం మొదలుపెట్టింది. మోకాళ్ళు సలుపుతున్నా ఆగలేదు. మణికుమార్ కాసేపు ఆమె పక్కనే బండిని మెల్లగా నడిపాడు. తరవాత ఏమనుకున్నాడో, దుకాణం దగ్గర ఆగి పాల పాకెట్టు కొని తెచ్చాడు. సారంగుకి గోరువెచ్చగా పట్టిద్దామమ్మా అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని మొహంలో ఉన్న తేలిక ఆమెకి కనిపించింది. దాన్ని దాచుకోవడానికి అతను పడుతున్న తంటా కూడా కనిపించింది. కొడుకు మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు.

జెట్టీ మలుపులో సముద్రం కనపడేచోట బుట్టలో అదురు ఎక్కువైంది. ఆమె రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని, చీర పక్కకి తీసి, వాడిని ఒళ్ళోకి తీసుకుంది. వాడి కాళ్ళు నీళ్ళల్లో ఈదుతున్నట్టు ఆడాయి. నోరు తెరిచాడు, అరుపు రాలేదు. ఆమె అరచేత్తో వాడి తల పట్టుకుని, "ఇక్కడే ఉన్నానురా, ఇక్కడే ఉన్నాను," అంటూనే ఉంది. కాళ్ళు ఆడటం తగ్గింది. అదురూ తగ్గింది. మూడు రోజులుగా ఆమె అరచేతికింద ఆగకుండా తిరుగుతున్న ఆ యంత్రం ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వేలితో మూసింది, మళ్ళీ తెరుచుకున్నాయి, మళ్ళీ మూసింది. చొంగని ఆఖరిసారి కొంగుతో శుభ్రంగా తుడిచింది. బుట్టలో పడుకోబెట్టి, పాతచీర గడ్డందాకా కప్పింది.

మణికుమార్ బండిని మలుపులో స్టాండు వేసి, పాలపాకెట్టు పట్టుకుని వచ్చాడు. తల్లి పక్కన నిలబడి, బుట్టలోకి వంగి చూశాడు. కదలకుండా, హాయిగా ఉన్నట్టే ఉన్నాడు వాడు. సూది పనిచేసినట్టుందే అన్నాడు. అతని గొంతులో ఆశ వినపడింది.

"పడుకున్నాడా అమ్మా?"

"పడుకున్నాడు," అంది కనకలక్ష్మి.

ఈ అబద్ధం చెప్పడానికి ఆమె మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. లేచి, బుట్ట ఎత్తుకుని, ఇంటివైపు నడిచింది.